గప్పీ పిల్లలు మాయమవుతున్నాయా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో చిన్న ఫ్లాట్ మాది, రెండడుగుల అక్వేరియం ఒక్కటే ఉంది. గప్పీలు పిల్లల్ని పెడుతున్నాయి కానీ తెల్లారేసరికి ఒక్కటీ మిగలట్లేదండీ. ఇంకో ట్యాంకుకు చోటు లేదు. ఏం చేయాలి?

జవాబు: పెద్ద చేపలే తినేస్తున్నాయి, అందులో తల్లి కూడా ఉంటుంది. ఒక మూల జావా మాస్ (నీళ్లలో పెరిగే నాచు లాంటి మొక్క) దట్టంగా పెంచండి, కొన్ని అందులో దాక్కుని బతుకుతాయి. అన్నీ బతకాలని మాత్రం కోరుకోకండి, బతికితే ఎక్కడ పెడతారు? ఆడ గప్పీ ఒక్కసారి జతకడితే చాలు, వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, మగది లేకపోయినా సుమారు 4 వారాలకోసారి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది, కాబట్టి మగవాటిని తీసేస్తే వెంటనే ఆగుతుందనుకోకండి. బోరు నీళ్లు కఠినంగా ఉన్నా టెన్షన్ వద్దు, గప్పీలకు అవే నప్పుతాయి. నల్లా నీళ్లయితే క్లోరిన్ తీశాకే పోయండి. ఎక్కువైన పిల్లల్ని చేపల షాపుకిచ్చేయండి, చెరువులో మాత్రం వదలొద్దు.