సంస్థ పేరు మారింది, జీపీఎఫ్ తీసేయమంటారా?

ప్రశ్న: చంద్రాపూర్ జిల్లా భద్రావతిలోని ఆయుధ కర్మాగారంలో 2003లో చేరాను. ఉండేది బల్లార్షాలో, ఇంటి అప్పు నడుస్తోంది. మమ్మల్ని పూర్తిగా కొత్త కంపెనీలో కలిపేస్తే పాత డబ్బు చిక్కుకుపోతుందని తోటివాళ్లు అంటున్నారు. జీపీఎఫ్‌ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) నుంచి వీలైనంత తీసి కాగజ్‌నగర్‌లో స్థలం కొనాలనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: భయంతో కొన్న స్థలం లాభం తెచ్చిన సందర్భాలు నేను చూసినవి తక్కువ. ముందు ఆ భయం సంగతి చూద్దాం.

2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి, దాని 41 కర్మాగారాలు ఏడు ప్రభుత్వ కంపెనీలకు వెళ్లాయి. మీది మ్యునిషన్స్ ఇండియా కిందికి వచ్చింది. యంత్రాలు, భూములు కంపెనీవయ్యాయి గానీ మీరు కాలేదు. మిమ్మల్ని పంపింది డీమ్డ్ డిప్యుటేషన్ మీద, అంటే ప్రభుత్వోద్యోగిగానే ఉంచి కంపెనీలో పనిచేయించడం. ఆ గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించారు కూడా. అది నడిచినంత కాలం మీరు కేంద్ర ప్రభుత్వోద్యోగే, మీ జీపీఎఫ్ ప్రభుత్వ ఖాతాలోనే ఉంటుంది. 2004కు ముందు చేరారు కాబట్టి పాత పెన్షనే.

శాశ్వత విలీనం వచ్చినా డబ్బు గాల్లో కలవదు. మిగిలిన సెలవులు మీతోపాటే వస్తాయి. కంపెనీ అంగీకరిస్తే జీపీఎఫ్ నిల్వ కూడా అక్కడికి బదిలీ అవుతుంది.

ఇక లెక్క. జీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. మీ అప్పు వడ్డీ 8.5 శాతం అనుకుందాం. అయిదు లక్షలు తీసి అప్పుకు కడితే మొదటి ఏడాది మిగిలేది సుమారు 7,000. చిన్న లాభమే, కానీ ఖాయమైనది. స్థలం కొంటే అప్పు అలాగే ఉంటుంది, వడ్డీ తెచ్చే నిల్వ తరిగిపోతుంది. తీయక తప్పదనుకుంటే అప్పుకే తీయండి. అదీ కొంతే.

మీరు అడగని ఆప్షన్ పత్రం విషయమే నాకు పెద్దదిగా కనిపిస్తోంది. విలీనం అమలైతే రెండు దారులుంటాయి: ప్రభుత్వ సర్వీసుకు రావాల్సినదాని లెక్క అప్పుడే తేల్చుకోవడం, లేదా రెండు సర్వీసులూ కలిపి పెన్షన్ తీసుకోవడం. 22 ఏళ్లకు లెక్క తేల్చుకుంటే గ్రాట్యుటీ అప్పటి మూలవేతనం, డీఏల మీద 11 నెలల మొత్తం. కలిపి 33 ఏళ్లు చేస్తే చివరి జీతం మీద పదహారున్నర నెలలు, గరిష్ఠ పరిమితికి లోబడి. మొదటి దారిలో డబ్బు ముందే చేతికొస్తుంది, రెండోదాంట్లో పెరిగిన జీతం లెక్కకొస్తుంది. ఏది మేలో అప్పటి మీ జీతం, వయసు చెప్పాలి. సంతకానికి తొందరపడకండి.

బీఎస్ఎన్ఎల్ ఉదాహరణ చెప్పేవారుంటారు. 2000లో టెలికం శాఖ నుంచి ఆ కంపెనీకి వెళ్లినవారికి పెన్షన్ ప్రభుత్వమే ఇస్తున్న మాట నిజం. అది వాళ్ల కోసం నిబంధనలో విడిగా రాసిన ఏర్పాటు. మామూలు నియమంలో పెన్షన్ ఇచ్చేందుకు విడిగా ట్రస్టు నిధి ఉంటుంది.

ఇంకొకటి. 2025 మేలో పెన్షన్ నిబంధన మార్చారు. విలీనమయ్యాక కంపెనీ డిస్మిస్ చేస్తే పాత ప్రభుత్వ సర్వీసు ప్రయోజనాలు కూడా పోవచ్చు, అయితే ఆ నిర్ణయాన్ని సంబంధిత మంత్రిత్వ శాఖ సమీక్షిస్తుంది.

ఈ నెలలోనే సర్వీసు పుస్తకం చూపించమని అడగండి. చేరిన తేదీ, సెలవుల నిల్వ, నామినీ పేరు సరిచూసుకుని నకలు ఇంట్లో పెట్టుకోండి.