స్పేషియల్ ఎకనామెట్రిక్స్ థియరీలో పీహెచ్‌డీ చేయవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. స్పేషియల్ ఎకనామెట్రిక్స్ థియరీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఎకనామిక్స్ పెద్దగా చదవలేదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది కదా, థియరీ ఎందుకని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్పేషియల్ ఎకనామెట్రిక్స్ అంటే పక్కపక్క ప్రాంతాలు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావాన్ని డేటాతో అంచనా వేసే శాస్త్రం. ఇంట్లోవాళ్ల మాటను కొట్టిపారేయలేం. ఇళ్ల ధరలు అంచనా వేసే సంస్థలు, బీమా కంపెనీలు, ప్రజారోగ్య విభాగాల్లో స్పేషియల్ డేటా తెలిసినవాళ్లకు పని ఉంది. అక్కడ ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు బాగా వస్తే చాలావరకు నెట్టుకురావచ్చు. థియరీ ఉద్యోగాలు మాత్రం ఎక్కువగా యూనివర్సిటీల్లోనే ఉంటాయి, అవీ తక్కువే. అందుకే ఈ థియరీ మీకు పడుతుందో లేదో దరఖాస్తులకు ముందే తేల్చుకోండి.

మీరు చదివిన థియరీలో చాలా భాగం పరిశీలనలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుని మొదలవుతుంది. టైమ్ సిరీస్‌లో ఆ వెసులుబాటు పోయినా ఒక ఆసరా ఉంటుంది. నిన్నటి ప్రభావం ఇవాళ్టి మీద పడుతుంది తప్ప ఇవాళ్టిది నిన్నటి మీద పడదు. స్థలానికి అలాంటి ముందూ వెనకా లేవు. ఈ ఇంటి ధర పక్కింటి ధరను కదిలిస్తుంది, పక్కింటిది దీన్ని కదిలిస్తుంది. రిగ్రెషన్‌లో పొరుగిళ్ల సగటు ధరను కుడివైపు పెట్టగానే అది ఎర్రర్ టర్మ్‌తో, అంటే మోడల్ వివరించలేని మిగులుతో, ముడిపడుతుంది. దాంతో అంచనా పక్కదారి పడుతుంది.

దీన్ని స్వయంగా చేసి చూడండి. 20×20 గళ్లు తీసుకోండి, అంటే 400 ప్రాంతాలు. హద్దు పంచుకునే గళ్లే పొరుగు. ప్రతి వరుస మొత్తం 1 వచ్చేలా వెయిట్ మ్యాట్రిక్స్ (ఏ గడికి ఏ గడి ఎంత పొరుగో చెప్పే పట్టిక) రాయండి. ఒక ఎక్స్ వేరియబుల్ పెట్టి, పొరుగు ప్రభావం 0.5 అని మీరే నిర్ణయించి డేటా తయారుచేయండి. ఇప్పుడు మామూలు లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గించే పద్ధతితో) ఆ 0.5ను రాబట్టే ప్రయత్నం చేయండి. వెయ్యిసార్లు చేసి సగటు తీస్తే 0.5 కన్నా పైన తేలుతుంది. గళ్లను 40×40కి పెంచినా ఆ తేడా పోదు. తర్వాత పొరుగు గళ్ల ఎక్స్ విలువలను ఇన్‌స్ట్రుమెంట్లుగా (పొరుగు ప్రభావంతో సంబంధం ఉండి, ఎర్రర్ టర్మ్‌తో ముడిపడని వేరియబుల్స్‌గా) వాడండి, అంచనా 0.5 దగ్గరికి వస్తుంది. ఈ పద్ధతికి ఎకనామెట్రిషియన్లు హారీ కెలెజియన్, ఇంగ్‌మార్ ప్రూకా 1998లో రుజువులు ఇచ్చారు. పొరుగులు చాలా ఎక్కువై, ఒక్కొక్కదాని వెయిట్ బాగా చిన్నదైపోయే కొన్ని సందర్భాల్లో లీస్ట్ స్క్వేర్సే సరైన విలువకు చేరుతుందని లంగ్-ఫే లీ 2002లో చూపారు. ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చే ఫలితం ఇది. ఎవరు ఎవరికి పొరుగు అన్నదాన్ని బట్టి థీరమే మారిపోతోంది!

అసలు శాంపిల్ పెరగడమంటే ఏమిటన్నది కూడా ఇక్కడ తేలిగ్గా తేలే విషయం కాదు. మ్యాప్ విస్తరించడమా, అదే మ్యాప్‌లో చుక్కలు దట్టం కావడమా? మొదటి పద్ధతిలో నిలిచే అంచనాలు కొన్ని రెండోదానిలో నిలవవు. ఇలాంటి ప్రశ్నలు చదువుతుంటే కాగితం, పెన్ను తీయాలనిపిస్తే థియరీకి వెళ్లండి. కోడ్ రాసి మ్యాప్ గీయడమే బాగుందనిపిస్తే అప్లైడ్ వైపు వెళ్లండి. అది తక్కువ చదువేమీ కాదు.

థియరీ అయితే మెజర్ థియరీతో కూడిన ప్రాబబిలిటీ, మ్యాట్రిక్స్ ఆల్జీబ్రా గట్టిగా ఉండాలి. ఎకనామిక్స్ రాదని టెన్షన్ వద్దు, కానీ వదిలేయొద్దు. పక్కపక్క ప్రాంతాలు ఒకేలా ఉన్నాయంటే ఒకదాని ప్రభావం ఇంకోదానిపై పడిందా, లేక రెండింటికీ ఉమ్మడి కారణం ఉందా? ఆర్థికవేత్త చార్లెస్ మాన్స్కీ 1993లో లేవనెత్తిన చిక్కు దీనికి దగ్గరిదే. లెక్క ఎంత వచ్చినా, ఇలాంటి చోట ఆర్థికశాస్త్రం తెలియకపోతే ముందుకు కదలలేరు. కనీసం ఒక సెమిస్టర్ మైక్రో ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్ చదవండి.

దరఖాస్తులు ఎకనామిక్స్ విభాగాలకే పరిమితం చేయొద్దు. స్టాటిస్టిక్స్, అగ్రికల్చరల్ ఎకనామిక్స్, రీజనల్ సైన్స్ విభాగాల్లోనూ ఈ పని జరుగుతోంది. ఇంట్లో ఒక విషయం చెప్పండి: థియరీ పేపర్లలోనూ సిమ్యులేషన్లు చేయాల్సి వస్తుంది కాబట్టి కోడింగ్ ఎలాగూ వస్తుంది, తర్వాత ఉద్యోగాల వైపు వెళ్లాలనుకున్నా వెళ్లవచ్చు.