మోకాళ్ళ పర్వతాన్ని అలిపిరిలో పెట్టొద్దు

తిరుపతి

అమ్మా పాపా,

నువ్వు తెలుగు విజ్ఞాన సర్వస్వానికి లెక్కల వ్యాసాలు రాయబోతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల పెద్ద లెక్కల్ని తెలుగులో చెప్తానంటోందని సంతోషం ఒకపక్క, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనని దిగులు ఇంకోపక్క.

బొమ్మలు వేయి. ప్రతి గుర్తుకూ అర్థం రాయి. ప్రమేయం అన్నచోట ఫంక్షన్ అని కూడా ఒకసారి రాయి, ఇంగ్లీషు మీడియం పిల్లలు దారి తప్పరు. ఇవి నీకు తెలిసినవే.

నా తప్పు సంగతి మాత్రం ఓపిగ్గా చదువు. లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఒక పుస్తకానికి అవిచ్ఛిన్నత (కంటిన్యుటీ) మీద వ్యాసం రాయమన్నారు. నా మొదటి వాక్యం ఇప్పటికీ నోటికొచ్చు: “ప్రతి ధనసంఖ్య ఎప్సిలాన్‌కు అనురూపంగా ఒక ధనసంఖ్య డెల్టా వ్యవస్థితమైతే...” పుస్తకం అచ్చయినాక చిత్తూరు దగ్గర మన పల్లెకు తీసుకుపోయి మీ తాత చేతిలో పెట్టినా. ఆయన గానుగ దగ్గర చేతులు కడుక్కొని, పంచెకు తుడుచుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని చదవబట్టినాడు. మూడో లైను దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. “బాగా రాసినావు నాయనా” అని కండువాలో చుట్టి గూట్లో పెట్టినాడు. ఇంక తెరవలేదు.

అసలు బాధ ఏందంటే, ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. మండీ ఆసామి “బెల్లం అచ్చు కిలో ఉండాల, యాభై గ్రాములు అటూఇటూ అయినా పర్లేదు” అంటే, అచ్చులోని గీతకు ఎంత పైకీ కిందికీ పాకం పోయొచ్చో ఆయన చేతికి తెలుసు. పది గ్రాములే అంటే ఇంకా పట్టి పోస్తాడు. ఐదంటే ఇంకా సన్నంగా. ఆసామి ఒప్పుకునే తేడా ఎప్సిలాన్, మీ తాత పాటించే తేడా డెల్టా. ఎంత సన్నంగా అడిగినా తగిన జవాబు దొరికితే అదే అవిచ్ఛిన్నత. ఈ నాలుగు మాటలు ముందు రాసి, నిర్వచనం తర్వాత పెట్టుంటే ఆ వేలు ముందుకు కదిలేది. తోటి లెక్చరర్లు చిన్నచూపు చూస్తారని భయపడి రాయలేదు పాపా. ఎవరు చదవాలని ఆశపడినానో ఆయన్నే బయట నిలబెట్టినా.

న్యూటన్, లైబ్నిట్జ్ 17వ శతాబ్దంలోనే కలన గణితం (కాల్క్యులస్) మొదలుపెట్టినారు. అవిచ్ఛిన్నతకు నిర్వచనం ఇచ్చిన ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ పుస్తకం 1821లో వచ్చింది. ఎప్సిలాన్, డెల్టాల రూపం స్థిరపడింది ఆ తర్వాత జర్మన్ గణితజ్ఞుడు వైయర్‌స్ట్రాస్ కాలంలో. అంతటి మహానుభావులకే నూటయాభై ఏళ్ళకు పైగా పట్టిన మాటను చదివేవాళ్ళు తొలి వాక్యంలోనే మింగాలంటే ఎట్లా?

అట్లని సులువు కోసం అబద్ధం రాస్తే నేనొప్పుకోను. “పెన్సిల్ ఎత్తకుండా గీస్తే అవిచ్ఛిన్నం” అని రాస్తుంటారు. సున్నాను వదిలేస్తే వన్ బై ఎక్స్ మిగతా అంతటా అవిచ్ఛిన్నమే, గీత మాత్రం రెండు ముక్కలు. 1872లో వైయర్‌స్ట్రాస్ చూపించిన ప్రమేయం అంతటా అవిచ్ఛిన్నం, ఒక్క బిందువు దగ్గర కూడా అవకలజం (డెరివేటివ్) లేదు. దాన్ని ఏ పెన్సిల్ గీస్తుంది? పోలిక ఎక్కడ తెగుతుందో ఆ పక్కనే చెప్పు. నా బెల్లానికీ అంతే: త్రాసుకు ఒక హద్దుంది, లెక్కకు లేదు.

ఏడేళ్ళప్పుడు అలిపిరి మెట్లు లెక్కపెడతా ఎక్కినావు, గుర్తుందా? గాలిగోపురం దగ్గర లెక్క తప్పి, మళ్ళీ కిందికి పోదామని ఏడ్చినావు. కొంగుతో ముఖం తుడిచి, మీ పెద్దమ్మ నిన్ను చంకనెత్తుకుంది. వ్యాసాన్ని కూడా మెట్లమాదిరి కట్టు. గాలిగోపురం దాకా వచ్చి కూలబడినవాళ్ళకూ ఏదో ఒకటి దక్కాల. పైన వచ్చే నిటారు మోకాళ్ళ పర్వతాన్ని తెచ్చి, మెట్లు మొదలయ్యే అలిపిరిలో పెట్టొద్దు.

మొదటి పేరా రాసిన రోజే పంపు. మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తా. ఎక్కడ “ఇంకోసారి చదువు” అంటుందో అక్కడ గీత గీసి పంపిస్తా. రాత్రిళ్ళు మేలుకోవద్దు, వేళకు తిను.

మీ పెద్దనాయన