శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా వంశధారకు వరద ఎందుకు వస్తుంది?

మన దగ్గర చినుకు పడకపోయినా వంశధార పొంగడానికి కారణం, ఎగువన ఒడిశా కొండల్లో కురిసే వాన. నది పుట్టేది అక్కడే. నాగావళిదీ అదే తీరు. రాయగడ, గజపతి జిల్లాల్లో కుండపోత కురిస్తే, ఏటవాలు కొండల మీద నీరు ఇంకే వ్యవధి ఉండదు. వాగులన్నీ ఏకమై దిగువకు పరుగు తీస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి తగ్గిందని ఊళ్లు ఊపిరి పీల్చుకునేలోపే, పాపం, ఎగువ వానల నీటితో వంశధార పోటెత్తింది.

వంశధారపై ఉన్న గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తడం వల్లే వరద వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ కట్టడం ఉన్నది పంట కాలువలకు నీరు మళ్లించడానికి. పెద్ద జలాశయంలా వరదను నిలవ ఉంచుకోలేదు. వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి వదలాలి.