కొత్త ఉద్యోగం, ఆగిన బొమ్మలు, రోజుకో పొరపాటు

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయి మూడేళ్లయింది. ఏడు వారాల క్రితం కొత్త ఉద్యోగంలో చేరాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తాను, వాటర్ కలర్సూ యాక్రిలిక్కూ రెండూ. ఉద్యోగానికి ముందు ఒప్పుకున్న పోర్ట్రెయిట్లు మూడు మిగిలిపోయాయి. ఒకదానికి గడువు కూడా దాటింది. ఈమధ్య ఏది ముట్టుకున్నా తప్పే. తాళాలు లోపల పెట్టి తలుపు లాగేశాను. పొయ్యి మీద గిన్నె రెండుసార్లు మాడ్చాను. బ్రష్షు కడిగిన నీళ్లు కాఫీ అనుకుని తాగబోయాను. పోయిన వారం ఆఫీసు ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది. తుడిచేసి ఊరుకున్నాను, భయంతో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రెండు అక్షరాలు పడటం లేదు. ‘కొన్నాళ్లు ఆ బొమ్మలు కట్టిపెట్టకూడదూ’ అంటారు మావారు. ఆ మాటకే ఏడుపొస్తోంది. నాకు మతిమరుపు జబ్బేమైనా వచ్చిందా? బొమ్మలు మానేయాలా?

జవాబు: ముందు ల్యాప్‌టాప్ సంగతి. మిగతావి రేపు ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళే తేల్చాలి. కాఫీలో నీరు ఆరిపోతుంది కానీ పాలూ చక్కెరా లోపల జిగురులా మిగులుతాయి. ఆ జిగురు తేమను పట్టి ఉంచి, లోపలి లోహపు భాగాలను మెల్లగా తినేస్తుంది. ఇవాళ రెండు అక్షరాలతో పోయింది రేపు లోపలి ప్రధాన బోర్డు దాకా వెళ్లొచ్చు. దాన్ని ఆపేయండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, ఐటీ వాళ్లకు అప్పగించండి. మేనేజరుకు రెండే వాక్యాలు చెప్పండి: ‘పోయిన వారం దీని మీద కాఫీ ఒలికింది, భయపడి వెంటనే చెప్పలేదు. ఇప్పుడు కీబోర్డు పాడైంది, ఐటీకి ఇచ్చాను.’ కారణాల చిట్టా వద్దు. కాఫీ ఒలికిందంటే అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. ఇంకో నెల పోయాక వాళ్లంతట వాళ్లే కనిపెడితే మాత్రం అడిగే ప్రశ్న కాఫీ గురించి ఉండదు.

మళ్లీ ఎప్పుడైనా ఒలికితే మొదట గోడ దగ్గర స్విచ్ ఆపి ఛార్జర్ తీసేయండి. పవర్ బటన్‌ను పూర్తిగా ఆగిపోయేదాకా నొక్కి పట్టుకోండి. మూత తెరిచి, కీబోర్డు కిందికి చూసేలా గుడారంలాగా బోర్లించి, ఆన్ చేసి చూడకుండా ఐటీ వాళ్లకు ఇవ్వండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది. బియ్యంలో పెట్టినా ఆ జిగురు పోదు.

ఇక మతిమరుపు. మీరు రాసిన పొరపాట్లు మళ్లీ ఒకసారి చదవండి. తాళం సంగతి ఇంట్లోంచి బయటపడే క్షణంలో జరిగింది. గిన్నె మాడింది బహుశా మీరు వంటకీ బొమ్మకీ మధ్య తిరుగుతున్నప్పుడే. రంగునీళ్లు చేతిలోకి వచ్చినప్పుడు కళ్లు బొమ్మ మీద ఉండి ఉంటాయి. అన్నీ ఒక పని వదిలి ఇంకో పనిలోకి వెళ్లే మలుపుల్లోనే జరిగాయి. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే రాశారు: పని మారినా మనసులో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది, ముఖ్యంగా అది సగంలో ఆగినప్పుడు. కొత్త ఉద్యోగంలో అన్నీ సగంలో ఆగినవే. ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరిని అడగాలో, పాత చోట చేయి దానంతటదే చేసిన పనులన్నీ ఇప్పుడు ఆలోచించి చేయాల్సి వస్తోంది. సాయంత్రానికి ఇంటికి చేరేది అలా అరిగిపోయిన బుర్రే.

తెలిసిన దారి తప్పడం, మామూలు మాటలు దొరక్కపోవడం ఉంటేనో, ఉద్యోగానికి చాలా ముందు నుంచే ఇలా ఉంటేనో డాక్టరును కలవండి. థైరాయిడ్ తేడాలూ బి12 లోపమూ కూడా మతిమరుపు తెస్తాయి, మామూలు రక్తపరీక్షతో తెలిసిపోతుంది. నిద్ర సరిపోకపోయినా ఇంతే. ఏ పనిమీదా ఆసక్తి లేక రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే, దానికీ ఆలస్యం చేయకండి.

‘జాగ్రత్తగా ఉంటాను’ అనుకుంటే ఏమీ మారదు. ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను’ అని ముందే ముడి వేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో చూపించారు. మీకు మూడు ముడులు చాలు. ఒకటి, తాళాలు తలుపు లోపలివైపు కొక్కేనికి. ఏ చేత్తో తలుపు లాగుతారో ఆ చేతిలోనే తాళం ఉండాలి, లేకపోతే తలుపు లాగకూడదు. ఇంకో జత నమ్మకమైన మనిషి దగ్గర. రెండు, పొయ్యి వెలిగించగానే ఫోన్లో టైమర్, ఆ ఫోను మీ జేబులో, వంటగట్టు మీద కాదు. పొయ్యి వెలుగుతుండగా బ్రష్షు తడపకూడదు. మూడు, ఆఫీసులో లేచే ముందు చీటీ మీద మూడు లైన్లు: ఎక్కడ ఆపాను, రేపు మొదట ఏం చేయాలి, ఎవరిని ఏమడగాలి. ఆపిన పని మనసును వదలడానికి ఈ చీటీ చాలావరకు సరిపోతుంది.

రంగునీళ్లకు వెడల్పు మూతి గాజు సీసా వాడండి, బ్రష్షు పట్టే చేతివైపు ఉంచండి. తాగేది మూత బిగించే సీసాలో, అసలు ఆ బల్ల మీదే వద్దు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటివి ఉంటాయి, అలవాటుగా నోట్లోకి పోవలసినవి కావు. ఆ మూత సీసానే ఆఫీసుకూ తీసుకెళితే రెండో ల్యాప్‌టాప్ పాడవకుండా ఉంటుంది.

బొమ్మలు మానకండి, చిన్నవి చేయండి. ఉద్యోగం మూడు నెలలు నిండేదాకా మామూలు రోజుల్లో యాక్రిలిక్ జోలికి పోకండి. రంగులు కలిపే పలకమీద నిమిషాల్లో గట్టిపడుతుంది, ఎండాక నీళ్లు పోసినా కరగదు, కడగడం మరిచిన బ్రష్షు ఇక పనికిరాదు. వాటర్ కలర్ ఎండినా తడి తగిలితే మళ్లీ కదులుతుంది, మీరు మధ్యలో లేచిపోయినా నష్టం లేదు. ఒక ట్రేలో ఆరు రంగులు, 8వ నంబరు గుండ్రటి బ్రష్షు ఒకటి, గుడ్డ ముక్క, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితం పోస్టుకార్డంత ముక్కలుగా కోసినవి. అంతకన్నా పల్చటి కాగితం తడికి ఉబ్బి ముడతలు పడి మీ సమయంలో సగం తినేస్తుంది. ఈ ట్రే ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. సామాను తీసి సర్దడానికే పది నిమిషాలు పడితే రెండో వారానికి వదిలేస్తారు. బ్రష్షును నీళ్లలో నిలబెట్టి వెళ్లకండి: మొన వంగుతుంది, లోహపు పట్టీ కింద జిగురు వదులుతుంది. కడిగి పడుకోబెట్టండి.

వారానికి మూడు రోజులు, 20 నిమిషాల చొప్పున. తప్పిన రోజును మరునాటికి బాకీ వేసుకోకండి.

ఒప్పుకున్న పోర్ట్రెయిట్ల లెక్క వేరు. మీరు ఇదివరకు వేసినదానికి నిజంగా ఎన్ని గంటలు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. పది గంటలనుకుంటే, 20 నిమిషాల చొప్పున 30 కూర్చోవడాలు, పైగా కూర్చున్న ప్రతిసారీ రంగు మళ్లీ కలిపి సరిపోల్చుకోవాలి. అలా అవదు. వాటిని సెలవురోజు మూడు గంటల పూటకు పెట్టండి, అంటే బొమ్మకి నాలుగు వారాలు. మూడు బొమ్మలకు మూడు నెలలు. గడువు దాటినది మొదలుపెట్టండి. రెండోవారికి కొత్త తేదీ చెప్పండి. మూడోవారికి, ఆగలేమంటే, బయానా తిరిగి ఇచ్చేయండి. సందేశం ఇలా సరిపోతుంది: ‘బొమ్మ ఆలస్యమైంది, తప్పు నాదే. ఫలానా తేదీకి ఇస్తాను. అప్పటిదాకా ఆగలేకపోతే డబ్బు వెంటనే పంపిస్తాను.’ ఆ తేదీ చెప్పే ముందు మీ లెక్కమీద ఒక వారం అదనంగా కలుపుకోండి.

ఇంకొకటి. నియామకపు ఒప్పందంలో బయట డబ్బుకు పని చేయడం గురించీ, మీరు తయారుచేసినవి ఎవరివన్నదాని గురించీ ఏముందో చదవండి. అనుమతి కావాలని ఉంటే ముందే మెయిల్‌లో అడగండి. బొమ్మల ఫొటోలూ బేరాల మెయిళ్లూ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు.

ఇక మీవారి మాట. ఆయనకు కనిపించేది మాడిన గిన్నె, బయట నిలబడిన మీరు. అందుకే కనిపించినదాన్నే తీసేయమంటున్నారు. కానీ మీ ఉత్తరంలో ఒక సంగతి నాకు తట్టింది: పొయ్యి దగ్గర మీరే, ఆఫీసులో మీరే. ఇంటిపని ఎవరెంత చేస్తున్నారో ఎక్కడా రాయలేదు. ఒక వారం పాటు ఇద్దరూ కలిసి కాగితం మీద రాయండి, ఏ పని, ఎవరు చేశారు, ఎంతసేపు. వాదన లేకుండా రాయడమే. అది ముందు పెట్టుకుని అడగండి: ‘మంగళ, గురు, శుక్రవారాల్లో తొమ్మిదిన్నర నుంచి పది దాకా నేను ట్రే దగ్గర ఉంటాను. ఆ సేపు వంటింటి సంగతి మీరు చూసుకోండి.’ ‘నా కళ విలువ మీకు తెలీదు’ అని మొదలుపెడితే సంభాషణ కళ దగ్గరే ఆగిపోతుంది, గిన్నెలు అలాగే ఉంటాయి. ఆయన ఏ రోజు కుదరదంటారో కూడా వినండి, రోజులు మార్చుకోవచ్చు, మూడు అన్న లెక్క మాత్రం తగ్గించుకోకండి.

ల్యాప్‌టాప్ అప్పగించి ఇంటికి వచ్చాక, గడువు దాటిన బొమ్మవాళ్లకు ఆ సందేశం ఈ రాత్రికే పంపండి.