పాత ధర్మం, కొత్త సాధనాలు

ప్రశ్న: దేవ్‌బందీ, బరేల్వీ, తబ్లీగీ జమాత్ అనే మాటలు తరచు వింటుంటాం. ఇవన్నీ ఇస్లాంను తొలినాటి రూపానికి మళ్లించే ఉద్యమాలేనా? భారతీయ ముస్లింల మత అస్తిత్వాన్ని ఇవి ఎలా మలిచాయి?

జవాబు: ప్రవక్త చూపిన బాటలోనే ఉన్నామని మూడు వర్గాలూ చెప్పుకుంటాయి. అయితే ఆ బాటను జనానికి చేర్చడానికి అవి ఎంచుకున్న సాధనాలు పూర్తిగా ఆధునిక కాలానివి. 1857 తిరుగుబాటు అణచివేతతో మొగల్ దర్బారు అంతరించి, ఉలమాకు, అంటే ఇస్లామీయ మతపండితులకు, రాజాశ్రయం కరవైంది. 1866లో ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ పట్టణంలో, ఛత్తా మసీదులో, దానిమ్మ చెట్టు కింద, ఒక గురువు, ఒక శిష్యుడితో దేవ్‌బందీలకు ఆ పేరు తెచ్చిన దారుల్ ఉలూమ్ మదరసా మొదలైందని, ఇద్దరి పేరూ మహమూదేనని చెప్పుకుంటారు. ఆ మదరసా జాగీర్ల మీద కాక సామాన్యుల చందాల మీద నడిచింది. నిర్ణీత పాఠ్యక్రమం, ఏటేటా పరీక్షలు పెట్టుకుంది. దూరప్రాంతాలవారి సందేహాలకు ఫత్వాలను టపాలో పంపింది.

దేవ్‌బందీలు ఆక్షేపించిన దర్గా ఆచారాలను, ఉర్సులను (సూఫీ గురువుల వర్ధంతి ఉత్సవాలను), మీలాద్‌ను (ప్రవక్త జయంతి వేడుకను) సమర్థించిన బరేలీ పండితుడు అహ్మద్ రజా ఖాన్ (1856-1921) అనుచరులే బరేల్వీలు. వీరిని సంస్కరణ ఎరుగని వారిగా కొట్టిపారేయడం తొందరపాటు. సమాధి ముందు సాష్టాంగపడటం నిషిద్ధమని ఫత్వా ఇచ్చినది ఆయనే. పైగా దేవ్‌బందీలు, బరేల్వీలు ఇద్దరూ సున్నీ ఇస్లాంలోని హనఫీ అనే న్యాయ సంప్రదాయానికి చెందినవారే. దాయాదుల తగవు కనుకనే అంత తీవ్రంగా సాగింది.

అసలైన మార్పు ఢిల్లీకి దక్షిణాన ఉన్న మేవాత్ ప్రాంతంలో కనిపిస్తుంది. అక్కడి మేవ్‌లు ముస్లింలే అయినా హిందూ పేర్లు పెట్టుకునేవారు, హిందూ పండుగలు జరుపుకునేవారు. 1920ల్లో మౌలానా ముహమ్మద్ ఇలియాస్ వారి మధ్య తబ్లీగ్ (మత ప్రబోధం) ప్రారంభించారు; తబ్లీగీ జమాత్ అంటే ఇదే. పదిమంది లోపు మనుషులు పరుపుచుట్టలు, వంటగిన్నెలు మోసుకుని, సొంత ఖర్చుతో మూడు రోజులో నలభై రోజులో ఊరూరా తిరుగుతూ, మసీదులోనే బస చేసి, ఇంటింటికీ వెళ్లి నమాజుకు పిలుస్తారు. నిన్న కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) పలకడం నేర్చుకున్న రైతే ఇవాళ మరొకరి ఉచ్చారణను సరిదిద్దుతాడు. అంతవరకూ పుట్టుకతోనో, కులాచారంతోనో, పీరు (సూఫీ గురువు) మీది భక్తితోనో సంక్రమించిన ముస్లింతనం ఈ విధంగా ఎవరికి వారు తెలిసి ఆచరించవలసిన బాధ్యతగా మారింది.

అలాగని పాత ఆచారాలన్నీ తుడిచిపెట్టుకుపోలేదు. షరియత్ దగ్గరి బంధువుల పిల్లల మధ్య పెళ్లిని అనుమతిస్తున్నా, మేవ్‌లలో చాలామంది నేటికీ గోత్రం చూసే సంబంధం ఖాయం చేసుకుంటారు.