గణితం చదివి క్యాన్సర్ మీద పనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఎల్‌ఐసీ ఏజెంట్‌ని. మా పాప కడపలో బీఎస్సీ మ్యాథ్స్ చదువుతోంది. బీఈడీ చేయమంటే, క్యాన్సర్ గడ్డలు ఎలా పెరుగుతాయో లెక్కగట్టే పరిశోధన చేస్తానంటోంది. డాక్టర్ కాకుండా ఆ పని ఎలా చేస్తుంది? అందులో బతుకుతెరువు ఉందా?

జవాబు: మీ పాలసీల దగ్గరే మొదలుపెడదాం. వయసు పెరిగేకొద్దీ చావు ముప్పు ఎంత పెరుగుతుందో తేలితేగానీ ప్రీమియం తేలదు కదా. దానికి 1825లో బెంజమిన్ గోంపర్ట్జ్ అనే ఆయన లండన్‌లో ఒక సూత్రం చెప్పాడు. 1960లలో జంతువుల్లో గడ్డల కొలతలు తీసి చూస్తే, ఆ సూత్రం గీసే గీతే వాటి పెరుగుదలకీ అతికినట్టు సరిపోయింది!

క్యాలిక్యులేటర్ తీసి, 1ని 30 సార్లు రెట్టింపు చేయండి. 107 కోట్లు దాటుతుంది. సెంటీమీటరు గడ్డలో సుమారు అన్ని కణాలుంటాయని అంచనా. ఇంకో పది రెట్టింపులైతే కిలో బరువు. అంటే సెంటీమీటరుకు వచ్చి స్కాన్‌లో కనబడేసరికే కథ ముప్పాతిక నడిచిపోయినట్టే. అయితే నిజం గడ్డ అలా రెట్టింపవుతూనే పోదు, పెద్దదయ్యేకొద్దీ మందగిస్తుంది. ఆక్సిజన్ రక్తనాళం నుంచి మిల్లీమీటరులో పదో వంతో, అయిదో వంతో మాత్రమే చొరబడగలదు. అంతకు మించి దూరంగా ఉన్న కణాలు ఊపిరాడక చస్తాయి.

చిక్కంతా ఇక్కడే. కణం లోపల ప్రొటీన్ల సంకేతాలు నిమిషాల్లో, గంటల్లో మారిపోతాయి. గడ్డ మాత్రం నెలల మీద పెరుగుతుంది. ఆ సంకేతాలకు మీ పాప చదివిన డిఫరెన్షియల్ ఈక్వేషన్లు (ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పే సమీకరణాలు) చాలావరకు సరిపోతాయి. కణాలనైతే ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో నడిపించి చూడాలి. ఆక్సిజన్ పాకడానికి కాలంతో పాటు చోటును కూడా లెక్కలోకి తీసుకునే పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు కావాలి. ఈ మూడింటినీ ముడివేయడమే పరిశోధన. స్కాన్లు, కొలతలు డాక్టర్లు ఇస్తారు.

ఫిబ్రవరిలో జరిగే జామ్ పరీక్ష రాయించండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ అదే దారి. రాకపోతే యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొట్టినా నెలకు 37,000 రూపాయలు వస్తాయి. పైథాన్ అనే కోడింగ్ భాష మాత్రం ఇప్పుడే నేర్చుకోవాలి. మన దగ్గరి పిల్లలు గణితంలో కాదు, కోడింగ్‌లో తడబడటమే నేను ఎక్కువగా చూశాను.

దాచడమెందుకు, స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై ఏళ్లు రావచ్చు. పెళ్లి టెన్షన్ మీకు అప్పుడే మొదలై ఉంటుంది. మధ్యలో మనసు మారితే, మందుల కంపెనీల్లో డోసుల లెక్కలు కట్టే పని ఉంది. మీ లైన్‌లోనే యాక్చువరీ, అంటే బీమాలో ముప్పునూ ప్రీమియంనూ లెక్కగట్టే పని ఉంది, దాని ఏసెట్ ప్రవేశ పరీక్ష డిగ్రీలో ఉండగానే రాయొచ్చు. బీఈడీ అంటారా, అది ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. జామ్ దరఖాస్తులు మాత్రం మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అయిపోతాయి.